వేగానికి ప్రాణం, దిక్కుకు దేహం

*స్పీడు, ఫాస్టు, స్లో, లేటు, రైటు, లెఫ్టు: తెలుగువారి నోట రోజూ నలిగే ఈ ఇంగ్లిషు మాటల్లో ఏ ఒక్కటీ నేటి అర్థంతో పుట్టలేదు. గడియారం, దిక్సూచి లేని కాలంలో మనిషి తన ఊపిరినీ ఒంటినీ, పొద్దుపొడుపునూ ఆధారం చేసుకుని ఈ మాటలను మలుచుకున్నాడు. వాటిలో కొన్ని సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చిన మాటలకు జ్ఞాతులు కావడం మరింత ఆసక్తి కలిగించే సంగతి.*

నడవడం, పరుగెత్తడం, దారి వెతుక్కోవడం మనిషికి మొదటి నుంచీ తప్పని పనులు కనుక, వేగాన్నీ దిశనూ తెలిపే మాటలు ఏ భాషలోనైనా బాగా పాత పొరకు చెంది ఉంటాయి. ఇంగ్లిషులో ఆ పొర ఇంకా చెక్కుచెదరలేదు. కండక్టరు ‘రైట్ రైట్’ అంటే బస్సు కదులుతుంది, ‘హోల్డాన్’ అంటే ఆగుతుంది. రైలు ‘లేటు’ అవుతుంది, బండి ‘స్పీడు’ అందుకుంటుంది, దారి చెప్పేవారు ‘స్ట్రెయిట్‌గా వెళ్లి లెఫ్ట్ తిరగండి’ అంటారు. ఇంతగా తెలుగులో కలిసిపోయిన ఈ మాటల మూలాలను తవ్వి చూస్తే, వేగమంటే గంటకు ఇన్ని కిలోమీటర్లనే లెక్కగా, దిశ అంటే పటం మీది గీతగా కాక, ఆ రెండూ బతికున్న దేహానికి సంబంధించిన అనుభవాలుగా కనిపిస్తాయి.

## తవ్వకానికి పనిముట్లు

పదాల పుట్టుకను, అవి కాలక్రమంలో పొందిన మార్పులను పరిశీలించే శాస్త్రాన్ని వ్యుత్పత్తి శాస్త్రం అంటారు. పైకి కనిపించే పోలికను బట్టి కాక, ధ్వనులు క్రమబద్ధంగా మారే తీరును బట్టి నిర్ణయాలు చేయడం ఈ శాస్త్రానికి పునాది. 1786లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో ప్రసంగించిన సర్ విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య ఉన్న సామ్యం యాదృచ్ఛికం కాదనీ, అవి ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ ప్రతిపాదించారు. ఆ మూలాన్నే తర్వాతి పండితులు మూల ఇండో-యూరోపియన్ భాష అన్నారు. 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్, ఇంగ్లిషు చేరిన జర్మానిక్ శాఖలో మూలభాషా హల్లులు ఒక పద్ధతిలో మారాయని వివరించారు. సంస్కృతంలో ‘పద’ అన్నది ఇంగ్లిషులో ‘ఫుట్’ కావడం, ‘దశ’ అన్నదానికి ‘టెన్’ జ్ఞాతి కావడం ఆ సూత్రానికి ఉదాహరణలు: పకారం ఫకారమైంది, దకారం టకారమైంది.

తెలుగు ఈ కుటుంబానికి చెందినది కాదు. అది ద్రావిడ భాష అన్న సంగతిని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించారు. అయితే తెలుగు సంస్కృతం నుంచి వేల మాటలను స్వీకరించింది, గడచిన మూడు శతాబ్దాలలో ఇంగ్లిషు నుంచీ వందల మాటలను తెచ్చుకుంది. అందువల్ల వేల ఏళ్ల కిందట విడిపోయిన జ్ఞాతిపదాలు, అంటే ఒకే మూలధాతువు నుంచి వేర్వేరు భాషల్లో రూపొందిన మాటలు, రెండు వేర్వేరు దారుల్లో ప్రయాణించి ఇవాళ తెలుగు వాక్యంలో పక్కపక్కన కూర్చుంటున్నాయి.

## క్విక్ అంటే జీవం, స్పీడ్ అంటే శుభం

‘క్విక్’ అన్న మాటకు ప్రాచీన ఆంగ్లంలో వేగంతో సంబంధమే లేదు. దాని అర్థం ‘ప్రాణమున్నది’ అని మాత్రమే. క్రైస్తవ విశ్వాస ప్రమాణపు పాత ఇంగ్లిషు పాఠంలో బతికున్నవారిని ఈ మాటతోనే పేర్కొన్నారు. పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అనడంలో ఉద్దేశం అది బతికున్న వెండిలా కదులుతుందని; గోటి కింద తాకితే నొప్పెట్టే మెత్తని కండను ‘క్విక్’ అనడం అది సజీవమైన భాగమని; గర్భిణికి కడుపులో బిడ్డ కదలిక తొలిసారి తెలియడాన్ని ‘క్విక్కెనింగ్’ అనడం ఆ కదలికలో ప్రాణం తెలిసిందని. మూలభాషలోని గకారం జర్మానిక్ శాఖలో కకారంగా, సంస్కృతంలో ఇకారానికి ముందు జకారంగా మారడం వల్ల, ఒకే ధాతువు నుంచి అక్కడ ‘క్విక్’, ఇక్కడ ‘జీవ’ ఏర్పడ్డాయి. లాటిన్ ‘వీవుస్’, గ్రీకు ‘బియోస్’ కూడా ఈ కుటుంబంలోనివే కనుక జీవశాస్త్రాన్ని ‘బయాలజీ’ అనడంలోనూ ఈ ధాతువే పలుకుతోంది. ప్రాణమున్నది కదులుతుంది, కదిలేది చురుకుగా ఉంటుంది, చురుకైనది త్వరగా పని ముగిస్తుంది. ఈ మెట్ల మీదుగా సుమారు 1300 నాటికి ‘క్విక్’ వేగవాచకంగా స్థిరపడింది.

‘స్పీడ్’ కథ ఇంకా మంగళకరమైనది. ప్రాచీన ఆంగ్లంలో అది కార్యసిద్ధికి, సంపదకు, అభివృద్ధికి పేరు. ప్రయాణమయ్యేవారికి ఇంగ్లిషువారు చెప్పే ‘గాడ్‌స్పీడ్’ అన్న దీవెనలో దేవుడు నిన్ను త్వరగా చేర్చాలనే కోరిక లేదు, దేవుడు నీకు శుభం కలిగించాలనే ఆకాంక్ష ఉంది. ఆత్రం పెరిగితే స్పీడు తగ్గుతుందని చెప్పే పాత ఇంగ్లిషు సామెత నేటి చెవికి పొసగనట్టు వినిపించడానికీ కారణం ఇదే. అక్కడ ‘స్పీడ్’ అంటే పని నెరవేరడం. ఈ మాటకు సంస్కృతంలోని జ్ఞాతి ‘స్ఫీతం’, అంటే సమృద్ధమైనది, పెంపొందినది. లాటిన్‌లో ఆశ అనే అర్థమిచ్చే ‘స్పేస్’ కూడా ఈ ధాతువుకే చెందుతుంది. చక్కగా సాగే పని చప్పున ముగుస్తుంది కాబట్టి సాఫల్యాన్ని చెప్పిన మాట క్రమంగా త్వరకు పేరైంది.

## కదలనిదే ‘ఫాస్ట్’

వేగవాచకాల్లో అన్నిటికన్నా వింతగా అర్థం మారినది ‘ఫాస్ట్’. దాని తొలి అర్థం స్థిరమైనది, బిగువైనది, కదలనిది. ఉతికినా వెలిసిపోని రంగును ‘ఫాస్ట్ కలర్’ అనడం, బిగించడాన్ని ‘ఫాసెన్’ అనడం, గాఢనిద్రను ఇదే మాటతో విశేషించడం ఆ పాత అర్థానికి మిగిలిన సాక్ష్యాలు. ఉపవాసానికి ఈ పేరు రావడంలోనూ అదే భావముంది. నియమాన్ని గట్టిగా పట్టుకుని నిలవడమే ఉపవాసం కనుక, ఆ పట్టును సడలించే ఉదయపు భోజనం ‘బ్రేక్‌ఫాస్ట్’ అయింది.

కదలని దానికి పేరైన మాట దూసుకుపోయే దానికి పేరెలా అయిందో అర్థం కావాలంటే తెలుగులోని ‘గట్టి’ అన్న మాటను పరిశీలించడం మేలు. రాయి గట్టిగా ఉంటుంది, ముడి గట్టిగా వేస్తారు, అదే మాటతో ‘గట్టిగా అరిచాడు’ అనీ అంటారు. పదార్థపు గుణాన్ని చెప్పిన మాట క్రియకు విశేషణమైనప్పుడు, బిగువు అన్న అర్థం జారిపోయి బలం, తీవ్రత అన్న అర్థం మిగులుతుంది. ఇంగ్లిషులోనూ గట్టిగా పట్టుకోవడం, గట్టిగా కొట్టడం, వదలకుండా గట్టిగా వెంటాడడం అన్న వాడుకల మీదుగా ‘ఫాస్ట్’ పరుగును చేరింది. ఆ పరుగు నుంచి వేగం దానికి సొంత అర్థమైంది. ఇలా కాలక్రమంలో మాట అర్థం మారడాన్ని భాషాశాస్త్రంలో అర్థవిపరిణామం అంటారు.

అన్ని వేగవాచకాలకూ ఇంతటి సౌమ్యమైన పుట్టుక లేదు. ‘ర్యాపిడ్’ అన్నది లాక్కుపోవడం, ఎత్తుకుపోవడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. వేటాడే పక్షులను ‘ర్యాప్టర్’ అనడం ఆ ధాతువును బట్టే. 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బార్న్ ఒక డైనోసారుకు పెట్టిన ‘వెలాసిర్యాప్టర్’ అనే పేరుకు వడిగా లాక్కుపోయేది అని అర్థం. ఆత్రాన్ని తెలిపే ‘హేస్ట్’ అన్న మాట హింసను, పోరును సూచించిన జర్మానిక్ పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తెలుగువారు వాడే ‘వేగం’ అన్న తత్సమం కూడా ఇలాంటి కలవరం నుంచే పుట్టింది. కంపించడం, ఉలికిపడడం అనే అర్థాలున్న సంస్కృత ధాతువే దానికి ఆధారం కావడం వల్ల ‘ఉద్వేగం’, ‘ఆవేగం’ దానికి తోబుట్టువులయ్యాయి.

## ఆలస్యం నేర్చిన మాటలు

‘స్లో’ అన్నది మొదట కదలికను గురించి చెప్పిన మాట కాదు, మనిషి స్వభావాన్ని గురించి చెప్పినది. మందబుద్ధి, సోమరితనం దాని అర్థాలు. క్రైస్తవం మహాపాపాల్లో ఒకటిగా ఎంచిన సోమరితనానికి ఇంగ్లిషులో ఉన్న ‘స్లాత్’ అన్న పేరు ‘స్లో’ నుంచి ఏర్పడినదే. నెమ్మదిని సోమరితనంతో జతకట్టే ఆ పాత తీర్పు, ఆలోచించి రాసే పిల్లల మీద ‘స్లో’ అన్న ముద్ర వేసినప్పుడల్లా ఇవాళ కూడా పనిచేస్తూనే ఉంది. ‘లేట్’ అన్న మాటకు మొదటి అర్థం నెమ్మదైనది, మందమైనది అనే. నెమ్మదిగా వచ్చేవారు సమయం దాటి చేరతారు కనుక అది కాలవాచకమైంది. ‘లాస్ట్’, ‘లేటెస్ట్’ రెండూ దాని ఉత్తమార్థక రూపాలే. పాత రూపం ఆఖరి బస్సుకు, కొత్త రూపం సరికొత్త ఫోనుకు పేరయ్యాయి.

‘సూన్’ అన్నది ప్రాచీన ఆంగ్లంలో తక్షణమే అని చెప్పిన మాట. ఇప్పుడు దానికి కాసేపట్లో అన్నదే అర్థం. తక్షణమే అన్న అర్థంలో వాడిన ‘అనాన్’, ‘ప్రెజెంట్లీ’ అన్న మాటలు కూడా ఒకదాని వెంట ఒకటి అదే తీరున సడలిపోయాయి. తక్షణమే చేస్తామని చెప్పి కాస్త ఆగి చేసే అలవాటు మనుషులకు ఉన్నంతకాలం, తక్షణత్వాన్ని తెలిపే ఏ మాటా ఆ బిగువును నిలుపుకోలేదు. ఇష్టాన్ని తెలిపే ‘రాదర్’ కూడా ఒకనాడు వేగవాచకమే. దానికి ‘మరింత త్వరగా’ అని అర్థం; ఏ పనికి మనసు ముందుగా పరుగెడుతుందో అదే ఇష్టమైన పని కనుక, వేగంలోని తారతమ్యం ఇష్టంలోని తారతమ్యంగా మారింది.

## అడుగు, నాగలి, తాడు

వేగాన్ని కొలవాలంటే ముందు దూరాన్ని కొలవాలి. రోమన్లు దానికి కాలినే కొలమానం చేశారు. ‘పేస్’ అన్న మాటకు మూలమైన లాటిన్ ‘పాసుస్’, ఒకే పాదం తిరిగి నేలను తాకేదాకా సాగిన రెండడుగుల దూరం, అంటే సుమారు 1.48 మీటర్లు. అలాంటివి వెయ్యి కలిస్తే ‘మైలు’. ఆ మాటకు అర్థమే వెయ్యి. ఇంగ్లండులో పొలం దున్నే నాగలి చాలు పొడవే ‘ఫర్లాంగు’; చాలును తెలిపే ‘ఫరో’, పొడవును తెలిపే ‘లాంగ్’ కలిసి ఆ పేరు ఏర్పడింది. 1593 నాటి చట్టం ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలని నిర్ణయించడంతో, రోమన్ సైనికుడి అడుగు ఇంగ్లిషు రైతు చాలుకు లొంగి, మైలు 5,280 అడుగులకు పెరిగింది. తెలుగునాట పాత రోడ్ల పక్కన నిలిచిన ఫర్లాంగు రాళ్లు ఆ చాలు పొడవునే లెక్కపెట్టాయి.

సముద్రం మీద అడుగులూ లేవు, చాళ్లూ లేవు. నావికులు ఒక చెక్క ముక్కకు తాడు కట్టి ఓడ వెనుక నుంచి నీటిలోకి వదిలేవారు. ఆ తాడుకు నియమిత దూరాల్లో ముళ్లు వేసి ఉండేవి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు చేతిలోంచి జారిపోతే ఓడ అంత వేగంతో వెళ్తున్నట్టు లెక్క. 28 సెకన్లకు 47 అడుగుల 3 అంగుళాల ఎడం ఉంచితే, ఒక్కో ముడి గంటకు ఒక నాటికల్ మైలుకు సరిపోతుంది. తుపాను హెచ్చరికల్లో గాలి వేగాన్ని ఇప్పటికీ ‘నాట్’లలో చెప్తారు, ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. ఆ మాటకు అర్థం ముడి.

కార్యాలయాల్లో ఫైలును ‘ఎక్స్‌పెడైట్’ చేయమంటారు. ఆ మాటకు లాటిన్‌లో కాళ్లను బంధం నుంచి విడిపించడం అని అర్థం; దానికి వ్యతిరేకమైన ‘ఇంపీడ్’ కాళ్లకు బంధం వేయడం. రెండింటిలోనూ ఉన్నది పాదమే, అంటే సంస్కృత ‘పద’కు లాటిన్ జ్ఞాతి.

## పొద్దుపొడుపుకు ఎదురుగా నిలిచి

దిక్కుల పేర్లలో చాలావాటికి ఆధారం ఉదయాన లేచి సూర్యుడికి ఎదురుగా నిలబడ్డ మనిషి. ‘ఈస్ట్’ అన్న మాట సంస్కృత ‘ఉషస్సు’కు జ్ఞాతి, వేకువ దాని అర్థం. ‘వెస్ట్’ అన్నది సాయంకాలాన్ని తెలిపే లాటిన్ ‘వెస్పర్’తో, గ్రీకు ‘హెస్పెరోస్’తో చుట్టరికం ఉన్న మాట. లాటిన్‌లో తూర్పుకు ‘ఓరియెన్స్’, అంటే ఉదయించేది. పడమరకు ‘ఆక్సిడెన్స్’, అంటే పడిపోయేది. పొద్దు పడే వైపును తెలుగువారు ‘పడమర’ అనడంలోనూ ఇదే దృష్టి ఉంది. ఇక్కడ ఉన్నది చుట్టరికం కాదు, ఒకే ఆకాశాన్ని చూసిన రెండు జాతుల అనుభవంలోని సామ్యం. కళాశాలలో చేరిన తొలిరోజుల్లో విద్యార్థులకు జరిపే ‘ఓరియంటేషన్’ కూడా ‘ఓరియెన్స్’ నుంచి వచ్చినదే. చర్చిని తూర్పు ముఖంగా నిలపడం మొదలుకొని, కొత్తచోట తన స్థానాన్ని తెలుసుకోవడం దాకా ఆ మాట అర్థం విస్తరించింది.

తూర్పుకు తిరిగి నిలబడ్డ మనిషి దేహం నుంచి సంస్కృతం తన దిక్కులను తీసుకుంది. ముందున్నది పూర్వం, వెనుకున్నది పశ్చిమం, కుడిచేతి వైపున్నది దక్షిణం. గడచిన కాలాన్నీ తూర్పునూ ‘పూర్వ’ అనే ఒకే మాట తెలపడానికి కారణం ముందు అన్న భావం రెంటికీ సమానం కావడం. అరబ్బీలో ఎడమ, ఉత్తరం ఒకే ధాతువు నుంచి ఏర్పడడం, ప్రాచీన ఐరిష్ భాషలో కుడికీ దక్షిణానికీ ఒకే మాట ఉండడం ఈ అలవాటు ఎంత విస్తృతమైనదో తెలుపుతాయి. ‘నార్త్’ అన్న మాటకు మూలం ఎడమ అనే అర్థమున్న ధాతువని చాలామంది పండితుల అభిప్రాయం. ఇటలీలో ఒకప్పుడు వాడుకలో ఉన్న అంబ్రియన్ భాషలో ఆ ధాతువుకు ఎడమ అన్న అర్థమే ఉంది.

ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఒక ఆచారం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. స్కాట్లండ్ ఎత్తైన ప్రాంతాల ప్రజలు శుభం కోరి, ఒక వ్యక్తి చుట్టూ లేదా పవిత్రమైన బావి చుట్టూ, దాన్ని కుడివైపు ఉంచుకుని సూర్యగమనాన్ని అనుసరించి తిరిగేవారు. ఆ తిరుగుడుకు గేలిక్ భాషలో ఉన్న ‘దెషల్’ అన్న పేరులోని తొలిభాగం కుడిని, దక్షిణాన్ని తెలిపే మాట. అది ‘దక్షిణ’కు నేరుగా జ్ఞాతి. తెలుగువారు గుడిలో చేసే ‘ప్రదక్షిణ’, ఆ దూరదేశపు ‘దెషల్’ ఒకే ధాతువుతో, ఒకే దిశలో జరిగే ఒకే ఆచరణ. గడియారం ముల్లు కూడా ఆ దిశలోనే తిరగడం ఉత్తరార్ధగోళంలో నీడ గడియారపు నీడ తిరిగే దిశను అనుసరించినందువల్ల. ‘క్లాక్‌వైజ్’ అన్న మాట 19వ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చేదాకా ఇంగ్లిషులోనూ దాన్ని సూర్యుడి దిశ అనే పిలిచేవారు.

## కుడికి కిరీటం, ఎడమకు శిక్ష

‘రైట్’ అన్నదానికి మూలార్థం తిన్ననిది, వంకర లేనిది. లాటిన్ ‘రెక్టుస్’, సంస్కృత ‘ఋజు’ దానికి జ్ఞాతులు. తిన్నని గీత నుంచి సరైన నడత, సరైన నడత నుంచి హక్కు అనే అర్థాలు ఏర్పడ్డాయి. ఎక్కువమందికి పని సవ్యంగా సాగే చేయి కుడిది కావడం వల్ల అది ‘సరైన చేయి’ అయింది. తిన్నగా నడిపించడమే ‘డైరెక్షన్’, సినిమాను అలా నడిపించేవాడు ‘డైరెక్టర్’. ఈ మాటలూ ‘రెక్టుస్’ సంతానమే.  ‘రైట్’, ‘డైరెక్టర్’, ‘ఋజు’ ఒకే ఇంటివని తెలిసినప్పుడు ఆ మూడు మాటలూ కొత్త వెలుగులో కనిపిస్తాయి.

‘లెఫ్ట్’ అంటే బలహీనమైనది. లాటిన్‌లో ఎడమను తెలిపే ‘సినిస్టర్’ ఇంగ్లిషులో కీడును సూచించే మాటగా మిగిలింది. కుడిని తెలిపే ‘డెక్స్టర్’ మాత్రం నేర్పును తెలిపే ‘డెక్స్టెరిటీ’కి మూలమైంది. అదీ ‘దక్షిణ’కు జ్ఞాతే. ప్రాచీన ఆంగ్లంలో ఎడమకు ఉన్న మరో పేరుకు స్నేహపూర్వకమైనది అని అర్థం. కీడనుకున్న దానిని మంచి పేరుతో పిలవడం భయం నుంచి పుట్టిన మర్యాద. పుర్రచేతి వాటమున్న పిల్లలను కొట్టి కుడిచేత్తో రాయించిన తరాల వెనుక ఇలాంటి మాటలు మోసుకొచ్చిన నమ్మకాలే ఉన్నాయి. పదచరిత్ర తెలిస్తే, ఆ నమ్మకానికి ప్రకృతిలో ఆధారం లేదనీ, ఎక్కువమంది అలవాటే తీర్పుగా మారిందనీ స్పష్టమవుతుంది.

మరికొన్ని దిశావాచకాలు నేలకు, వాహనానికి కట్టుబడినవి. ‘డౌన్’ అన్నది ప్రాచీన ఆంగ్లంలో కొండకు పేరు. ‘కొండ మీది నుంచి’ అన్న పదబంధంలో ముందుభాగం అరిగిపోయి, కొండ పేరే కిందికి అన్న అర్థంతో మిగిలింది. ‘ఫార్వర్డ్’, ‘బ్యాక్‌వర్డ్’లలో చివరనున్న భాగం తిరగడాన్ని తెలిపేది, ‘ఆవర్తనం’, ‘పరివర్తన’లలోని ధాతువుకు జ్ఞాతి. ‘వే’, ‘వ్యాగన్’, ‘వెహికిల్’ మూడూ ‘వాహనం’, ‘ప్రవాహం’ అన్న మాటలతో ఒకే ధాతువును పంచుకుంటాయి.

ఓడకు కుడివైపును ‘స్టార్‌బోర్డ్’ అనడంలో నక్షత్రం లేదు. చుక్కాని తెడ్డు కుడివైపున ఉండేది కనుక అది నడిపే పక్క అయింది. ఎడమకున్న ‘లార్‌బోర్డ్’ అన్న పేరు గాలి హోరులో దానితో కలిసిపోతుండడంతో, 1844లో బ్రిటిష్ నౌకాదళం ఆ పేరును తొలగించి ‘పోర్ట్’ అన్నదాన్ని స్థిరపరిచింది. ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. భారతదేశానికి ఓడలో వెళ్లేటప్పుడు పోర్ట్ వైపు, తిరిగివచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపు గదులు తీసుకున్న సంపన్నుల టికెట్లపై ముద్రించిన నాలుగు తొలి అక్షరాల నుంచి ‘పాష్’ అన్న మాట పుట్టిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది, కానీ దానికి ఆధారం దొరకలేదు. వినసొంపుగా ఉన్నందువల్ల మాత్రమే వ్యాపించే ఇలాంటి వ్యుత్పత్తులను లోకనిరుక్తి అంటారు. ధ్వనిసూత్రమూ పాత రాతప్రతుల సాక్ష్యమూ లేని కథను నమ్మకపోవడమే ఈ శాస్త్రం నేర్పే మొదటి క్రమశిక్షణ.

## యంత్రం చేసిన మార్పు

1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ల మధ్య రైళ్లు మొదలయ్యాక, వేగం గుర్రపు ఊపిరి మీద ఆధారపడడం మానింది. క్విక్‌లోని ప్రాణం, స్పీడ్‌లోని శుభం మధ్యయుగాల నాటికే వెనుకకు జరిగి ఉన్నాయి. యంత్రయుగం వాటిలో మిగిలిన త్వర అన్న గుణాన్ని అంకెగా మార్చింది. ఫలానా పనికోసమే ప్రత్యేకంగా నడిపే రైలన్న అర్థంలో మొదలైన ‘ఎక్స్‌ప్రెస్’ వేగపు శ్రేణిగా స్థిరపడింది. బ్రాడ్‌గేజి మార్గంలో సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు దాటిన రైలును భారతీయ రైల్వేలు ‘సూపర్‌ఫాస్ట్’గా వర్గీకరించాయి, స్థిరత్వాన్ని చెప్పిన పాత ‘ఫాస్ట్’ చివరికి ఒక టారిఫ్ వర్గమైంది.

తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘స్పీడ్’ను వడి అనీ, ‘వెలాసిటీ’ని వేగం అనీ వేరు చేశాయి. వడికి పరిమాణం ఒక్కటే చాలు. వేగానికి పరిమాణంతో పాటు దిశ కూడా కావాలి. ఈ భేదాన్ని పిల్లలు సూత్రంగా బట్టీపట్టడంతో ఆగిపోకుండా, క్విక్ పక్కన జీవాన్ని, రైట్ పక్కన ఋజుత్వాన్ని, వే పక్కన వాహనాన్ని, ఈస్ట్ పక్కన ఉషస్సును ఉంచి చూపించే పాఠం తరగతి గదిలో ఉండాలి. అలాంటి పాఠం వల్ల ఇంగ్లిషు పరాయిదన్న బెరుకు తగ్గుతుంది, తెలుగులోని తత్సమాల లోతు తెలుస్తుంది, ద్రావిడ మూలాలున్న సొంత మాటల విలక్షణత కూడా స్పష్టమవుతుంది. దానితో పాటు, వేగాన్ని సాఫల్యంతో, దిశను ఋజుత్వంతో ముడిపెట్టి ఆలోచించిన తొలి వ్యవహర్తల వివేకం కూడా పిల్లలకు అందుతుంది. ఎంత తొందరగా వెళ్లామన్న ప్రశ్నకు ముందు ఎటు వెళ్లాం, క్షేమంగా చేరామా అన్న ప్రశ్నలు రావాలని ఆ మాటలు పుట్టుకతోనే చెప్తున్నాయి.